అక్షరం తప్పిన గ్లాసు

ఒరే చిన్నా, ఇంట్లో పెళ్లయ్యాక మీ బామ్మ గ్లాసులు ఎలా ఏరుకుందో చూశావుగా? నాలుగిళ్ల సామాను కలిసిపోయినా మనవి ఇట్టే దొరికాయి. గ్లాసుల మీద పేర్లు చెక్కినతను మన ఇంటిపేరులో ఒక అక్షరం తప్పు కొట్టాడు మరి!

మెలనోమా అనే చర్మ క్యాన్సర్‌ని రక్తంలో పట్టేదీ అలాగే. చనిపోయిన కణాల డీఎన్‌ఏ తునకలు మన రక్తంలో తేలుతుంటాయి. రక్తంలో అలా డీఎన్‌ఏ ఉంటుందని మాండెల్, మెటే అనే ఫ్రెంచి శాస్త్రవేత్తలు 1948లోనే చెప్పారు. క్యాన్సర్ కణాలూ తునకలు వదులుతాయి. మెలనోమా వచ్చినవాళ్లలో దాదాపు సగం మందికి బీరాఫ్ అనే జన్యువులో తప్పు ఉంటుంది. చాలామందిలో అది డీఎన్‌ఏలో ఒకే ఒక్క అక్షరం, ‘టి’ ఉండాల్సిన చోట ‘ఏ’! ముందు గడ్డ ముక్క తీసి తప్పెక్కడుందో చూస్తారు. తర్వాత రక్తంలో ఆ తప్పునే వెతుకుతారు. నమూనాను 20,000 దాకా బిందువులుగా విడగొట్టి, బొట్టు బొట్టునూ చూసే యంత్రాలున్నాయిరా!

ఆ తునకలు రక్తంలో ఎక్కువసేపు నిలవవు, గంటల్లోనే కరిగిపోతాయి. అందుకని ఇవాళ కనిపించింది ఇవాళ్టి కబురే. మందు పనిచేస్తుంటే వారాల్లోనే తగ్గుతాయి. జబ్బు తిరగబెడితే, కొందరిలో స్కానింగు కంటే ముందే బయటపడుతుంది. ఎల్‌డీహెచ్ అనే రక్తపరీక్ష ఎప్పట్నుంచో ఉందిగానీ, అది కాలేయం చెడినా పెరుగుతుంది. గ్లాసు ఎవరిదో చెప్పలేదు.

అయితే, మచ్చ పలచగా ఉన్న తొలిరోజుల్లో రక్తంలోకి వచ్చే తునకలు బహు తక్కువ. అందుకే ఆస్ట్రేలియాలో పెర్త్‌లోని ఎడిత్ కోవన్ విశ్వవిద్యాలయం వాళ్లు 2018లో వేరే దారి పట్టారు. క్యాన్సర్ మీద ఒళ్లు తయారుచేసుకునే ప్రతిరక్షకాలను వెతికారు. జబ్బున్నవాళ్లలో వందకు 79 మందిలో తెలిసింది. మంచి ప్రయత్నమే. కానీ మిగతా 21 మంది మాటేమిటి? జబ్బు ఉందో లేదో తేల్చడానికి నేటికీ డాక్టరు కన్ను, బయాప్సీయే దిక్కు. రక్తపరీక్ష ఆ తర్వాత కాపలా కాయడానికి.

మనబోటి రంగువాళ్లకు మెలనోమా అరుదు. వస్తే మాత్రం ఎండ తగలని అరికాల్లోనో, గోరు కిందనో వస్తుంటుంది, ఎవరూ చూడరు. జమైకా గాయకుడు బాబ్ మార్లేకి కాలి బొటనవేలి గోరు కింద వచ్చింది. 1981లో పోయాడు, 36 ఏళ్లకే.

కొత్తగా నల్లమచ్చ కనిపించినా, ఉన్నది పెరిగినా, గోరులో నల్లచార వెడల్పవుతున్నా చర్మం డాక్టరుకు చూపించాలి. రేపు స్నానం చేసేటప్పుడు నీ అరికాళ్లు చూసుకో. బామ్మవి నువ్వే చూడు నాన్నా, ఆవిడ వంగలేదు.