మాంత్రికుడు పుస్తకం దాటి తెరకెక్కితే

గుహ, అందులో నెగడు, ఎదురుగా నాలుక చాపిన అమ్మవారి విగ్రహం, బలిపీఠం పక్కన స్నానం చేసి రమ్మని పురమాయించే గడ్డపు మాంత్రికుడు. తెలుగు పిల్లలు మూడు నాలుగు తరాలుగా చదివిన కథల్లోనూ, చూసిన జానపద సినిమాల్లోనూ ఈ దృశ్యం ఒకటే. పుస్తకంలో ఉన్నదాన్ని సినిమా ఎంతవరకు నిలబెట్టింది, ఎక్కడ మార్చింది, ఎందుకు మార్చింది అన్న చర్చ ఇంగ్లిషులో హ్యారీ పోటర్ చుట్టూ తిరుగుతుంది. తెలుగులో దానికి తగిన చోటు ఈ గుహే.

ఈ మాంత్రికుడి పుట్టిల్లు వెతికితే నల్లమలలో తేలుతుంది. ఇప్పటి నంద్యాల జిల్లాలో, శ్రీశైలం డ్యాము కట్టడానికి వచ్చినవాళ్ల కోసం ప్రాజెక్టు కాలనీగా పెరిగిన సున్నిపెంట ఉన్న కొండల వరసే పాత సంస్కృత కవుల శ్రీపర్వతమని పండితుల్లో ఎక్కువమంది మాట. ఏడో శతాబ్దపు బాణుడు ‘కాదంబరి’లో చండిక గుడి దగ్గర ఒక ముసలి ద్రవిడ సాధువును చూపిస్తూ, ఆయనకు శ్రీపర్వతం వింతలు వేలకొద్దీ తెలుసని ఎకసెక్కంగా చెబుతాడు. ఆ తర్వాతి శతాబ్దంలో భవభూతి ‘మాలతీమాధవం’ రాశాడు. అఘోరఘంటుడనే కాపాలికుడు మాలతిని చాముండికి బలివ్వబోతాడు. వేళకు వచ్చిన మాధవుడు వాణ్నే చంపుతాడు. పగబట్టిన శిష్యురాలు కపాలకుండల మాలతిని ఎత్తుకుపోతుంది. ఎక్కడికంటే శ్రీపర్వతానికే. ఆమెను కాపాడే సౌదామిని కూడా అక్కడే సిద్ధులు సంపాదించింది. బలి ఇవ్వబోయినవాడే బలైపోవడం, గురువు పోయినా శిష్యుడు మిగిలి కథను మళ్లీ రాజెయ్యడం, నాయికను ఎత్తుకుపోవడం ఈ నాటకంలో కనిపిస్తాయి. పన్నెండు వందల ఏళ్ల తర్వాత మద్రాసులో తీసిన సినిమాలోనూ కనిపిస్తాయి.

తెలుగులో శ్రీశైలానికి నేరుగా చెందిన అద్భుత కథల పుస్తకం గౌరన ‘నవనాథ చరిత్ర’. పదిహేనో శతాబ్దంలో శ్రీశైలంలోని భిక్షావృత్తి మఠం ప్రాపకంలో ఈ ద్విపద కావ్యం పుట్టింది. సారంగధరుడి కథ ఇందులో ఉంది. సవతి తల్లి మోపిన నిందకు కాళ్లూ చేతులూ పోగొట్టుకున్న కుర్రాడు మీననాథుడి దయతో చౌరంగి అనే సిద్ధుడవుతాడు. కావ్యంలో అసలు కథ ఆ కుర్రాడు సిద్ధుడు కావడమే. తర్వాతి కవులు, నాటకకర్తలు కథను రాజమహేంద్రవరానికి తరలించి రాజరాజ నరేంద్రుడికి ముడిపెట్టారు. నాటకాల మీదుగా 1957 నాటి ‘సారంగధర’ సినిమాకు చేరేసరికి ఎన్టీ రామారావు సారంగధరుడైనా, చూపు తిప్పుకోనివ్వనిది చిత్రాంగిగా భానుమతి. సిద్ధుల కథ వెనక్కి తగ్గింది, సవతి తల్లి వలపు ముందుకొచ్చింది. యోగసాధన కెమెరాకు అందే వస్తువు కాదు. వలపు, పగ మొహంలో తెలుస్తాయి. పుస్తకం నుంచి తెరకు వచ్చిన ప్రతి అద్భుత కథకూ ఏదో ఒక పాళ్లలో జరిగేది ఇదే.

మజిలీల నుంచి మూడు గంటలకు

మధిర సుబ్బన్న దీక్షితులు పన్నెండు భాగాలుగా రాసిన ‘కాశీమజిలీ కథలు’ తెలుగు యువపాఠకుడి మొదటి ఫాంటసీ గ్రంథమని చెప్పడంలో అతిశయోక్తి లేదు. అప్పట్లో ఆ పేరుతో ప్రత్యేకంగా ఒక తరగతి లేదు, అంతే. కాశీకి నడిచిపోయే మణిసిద్ధుడనే యతి, ఆయన వెంట పశువులు కాసుకునే కుర్రాడు. దారిలో ప్రతి మజిలీలో కుర్రాడు ఏదో ఒక వింత చూసి వస్తాడు, దాని కథ చెబితే తప్ప కదలనంటాడు. కథలో పాత్ర మరో కథ ఎత్తుకుంటుంది, అందులోంచి ఇంకోటి. శైలి గ్రాంథికమే అయినా పదేళ్లు దాటిన పిల్లలు దాన్ని ఆబగా చదివారంటే కారణం ఆ కుర్రాడే. పాఠకుడు అడగాలనుకున్న ప్రశ్న వాడు ముందే అడిగేస్తాడు.

1951 మార్చి 15న విడుదలైన విజయా వారి ‘పాతాళభైరవి’కి మూలం ఈ మజిలీల్లో ఒకటి. యువకుణ్ని బలిచ్చి శక్తులు పొందాలనుకున్న మాంత్రికుడు తానే బలయ్యే కథ అది. దానికి అల్లావుద్దీన్ దీపం కథ కలిపి పింగళి నాగేంద్రరావు కొత్త కథ అల్లారు. దర్శకుడు తాడిపత్రిలో పుట్టిన కె.వి. రెడ్డి, నిర్మాతలు కడప జిల్లా నుంచి వచ్చిన నాగిరెడ్డి, తెనాలి నుంచి వచ్చిన చక్రపాణి. నల్లమలకు దిగువన ఉన్న సీమవాసులకు ఈ సినిమా మీద కాస్త సొంత హక్కు ఉందనుకుంటే తప్పు పట్టనక్కర్లేదు.

సినిమా మొదట తీసేసింది యతినీ, కుర్రాణ్నీ. కథ చెప్పేవాడు, వినేవాడు ఇద్దరూ పోయారు. కథలో కథ కూడా పోయింది. మిగిలింది ఒక్కటే తీగ: ఉజ్జయినిలో తోటమాలి కొడుకు తోట రాముడు రాకుమారి ఇందుమతిని ప్రేమించాడు, తనకు సరితూగే సిరి తెస్తే పిల్లనిస్తానన్నాడు రాజు. అక్కణ్నుంచి ప్రతి వింతకూ ఒక పని పడింది. మజిలీ కథలో వింత వింతగానే ఉండొచ్చు, మరో పేజీలో ఇంకో వింత వస్తుంది కాబట్టి. సినిమాలో కోరికలు తీర్చే విగ్రహం సిరి కోసం, సిరి ఇందుమతి కోసం. చిత్రీకరణకు ముందే ప్రతి సన్నివేశం ఎన్ని నిమిషాలు పడుతుందో స్టాప్‌వాచీ పెట్టి లెక్క తేల్చుకునే దర్శకుడి చేతిలో, పనిలేని వింత నిలవదు.

గుహ ఘట్టమే చూడండి. బలికి ముందు స్నానం చేసి రమ్మని మాంత్రికుడు రాముణ్ని కోనేటికి పంపుతాడు. నీళ్లలో మొసలి పట్టుకుంటుంది. రాముడు దాన్ని చంపితే శాపం తీరి అప్సరస బయటపడి, మాంత్రికుడి పన్నాగం చెప్పేస్తుంది. పుస్తకంలో ఇలాంటి శాపగ్రస్త ఎదురైతే ఆమె పూర్వకథ పది పేజీలు నడవాలి. ఇక్కడ ఆమె నాలుగు మాటలు చెప్పి మాయమవుతుంది. ఇంకో నాలుగు నిమిషాల్లో బలిపీఠం మీద మాంత్రికుడి తల ఉంటుంది. మజిలీ కథలు మరిగినవారికి ఈ వేగం కొంత వెలితే.

ఆ వెలితిని తీర్చింది రచన కాదు, నటుడు. నేపాళ మాంత్రికుడిగా వేసినప్పుడు ఎస్వీ రంగారావుకు 32 ఏళ్లు. ఆ గొంతు, ఒక కనుబొమ తోటే చేసే వెటకారం, ‘డింభకా’ అని పిలవడంలో ఉన్న ఆప్యాయతతో కూడిన కుట్ర ఏ కథలోనూ అక్షరాల్లో లేవు. కథల్లో మాంత్రికుడు క్రూరుడు, అంతవరకే. తెర మీద వాడికి సరదా, ఆకలి, ఆశ ఉన్నాయి. ఇందుమతిని మెప్పించడానికి రాముడి నేస్తం అంజి మాట నమ్మి, తన శక్తులన్నీ దాచుకున్న గడ్డం గీయించుకునేంత వెర్రితనమూ ఉంది. సినిమా చూసినవాళ్లకు రాముడి సాహసాలకంటే ఆ గడ్డం ఎక్కువ గుర్తు. మార్కస్ బార్ట్లే ఛాయాగ్రహణం, గోఖలే, కళాధర్‌ల కళ తోడై, 1952లో బొంబాయిలో జరిగిన మొదటి భారత అంతర్జాతీయ చలనచిత్రోత్సవానికి వెళ్లిన ఏకైక దక్షిణాది చిత్రం ఇదైంది. మూలాన్ని ఇంత నిర్దాక్షిణ్యంగా కోసిన సినిమా ఇంత నిండుగా ఉండటం అరుదు.

హీరో వయసు

పుస్తకంలో కుర్రాడు తెర మీదికి వచ్చేసరికి పెద్దవాడైపోతాడు. ఇది ఒక్క తెలుగు జబ్బు కాదు. రిక్ రియోర్డన్ ‘పెర్సీ జాక్సన్’ మొదటి నవల (2005)లో హీరోకి పన్నెండేళ్లు. 2010 సినిమాలో వాడు కారు నడిపే ఈడు కుర్రాడు. బడి పిల్లాడి బెరుకు పోయింది, అభిమానులు మండిపడ్డారు. 2023 డిసెంబరులో మొదలైన ధారావాహిక వాణ్ని మళ్లీ పన్నెండేళ్ల వాడిగా చేసింది.

తెలుగులో ఇంకా పాత ఉదాహరణ బాలనాగమ్మ కథ. బుర్రకథల్లో, జనం నోట్లో ఈ కథను ఒడ్డెక్కించేది పసివాడు బాలవర్ధిరాజు. తల్లిని కుక్కగా మార్చి ఎత్తుకుపోయిన మాయల ఫకీరు ప్రాణం ఏడు సముద్రాల అవతల చిలకలో ఉందని తెలుసుకుని, అక్కడికి పోయి, దాని మెడ విరిచేది వాడే. 1942లో జెమినీ వారు సి. పుల్లయ్య దర్శకత్వంలో తీసినప్పుడు జనం వెళ్లింది కాంచనమాల కోసం, గోవిందరాజుల సుబ్బారావు ఫకీరు కోసం. నోటి కథలో బిడ్డ చేతిలో ఉన్న కథ సినిమా గోడపత్రిక మీద తల్లిదీ ఫకీరుదీ అయింది.

ప్రధాన పాత్ర చేతులు ముడుచుకుని కూర్చునే కథ తెరకు ఎంత బరువో విజయా వారికి 1954లో ‘చంద్రహారం’ నేర్పింది. హీరో ప్రాణం హారంలో ఉంటుంది, హారం పరుల మెడలో పడితే అతను శవంలా పడి ఉంటాడు. పొయ్యి దగ్గర అవ్వ చెబితే ఊపిరి బిగబట్టి వినే కథే. తెర మీద రామారావు కదలకుండా పడుకుని ఉంటే జనానికి నచ్చలేదు. భారీ ఖర్చుతో తీసిన ఆ చిత్రం దెబ్బతింది.

అచ్చు యంత్రమూ కెమెరా ఒకే ఇంట్లో

సరిగ్గా అదే 1954లో, అదే నాగిరెడ్డి చక్రపాణుల ‘చందమామ’లో దాసరి సుబ్రహ్మణ్యం ‘తోకచుక్క’ మొదలుపెట్టారు. తర్వాత ‘మకరదేవత’, ‘ముగ్గురు మాంత్రికులు’, ‘కంచుకోట’, ‘రాకాసిలోయ’, ‘శిథిలాలయం’, ‘యక్షపర్వతం’, ‘భల్లూక మాంత్రికుడు’ అంటూ డజను ధారావాహికలు. అవి నిజమైన తెలుగు యువ ఫాంటసీ నవలలు. రాజకుమారి చెయ్యి కోసమే సాహసం చెయ్యని యువకులు వాటిలో కనిపిస్తారు. శిఖిముఖి, విక్రమకేసరి వంటి జంట మిత్రులు అడవులు, కొండలు, పాడుబడ్డ గుళ్లు దాటిపోతుంటారు. చిత్రకారుడు ‘చిత్ర’ వేసిన బొమ్మలు కథకు సగం బలం. నెలకో భాగం, కత్తి ఎత్తిన చోట ఆగిపోతుంది. ఆ నెల రోజులూ పాఠకుడు తన బుర్రలో కథ నడుపుకుంటాడు.

కథ అచ్చు వేసే ఇల్లూ, సినిమా తీసే ఇల్లూ ఒకటే అయినా వీటిలో ఒక్కటీ విజయా వారి సినిమా కాలేదు. కారణం ఊహించడం కష్టం కాదు. ఆ కథలకు నడుము లేదు, నడకే ఉంది. ఏ భాగాన్ని తీసేసినా కథ ఆగదు, ఏ భాగాన్ని ఉంచినా ముగింపుకు చేరదు. 1961లో కె.వి. రెడ్డి మరో జానపదం ‘జగదేకవీరుని కథ’ తీసినప్పుడు కూడా చందమామ గుమ్మం తొక్కలేదు, 1944 నాటి తమిళ ‘జగదలప్రతాపన్’ను ఎంచుకున్నారు. ఒకసారి తెర మీద నిలిచిన కథ మీద నమ్మకం ఎక్కువ మరి.

చందమామ లోకం తెర మీదికి వచ్చింది చాలా ఆలస్యంగా, 1994లో ‘భైరవద్వీపం’తో. అది ఏ ధారావాహికకూ అనువాదం కాదు. సినిమా పత్రిక ‘విజయచిత్ర’లో పనిచేసిన రావి కొండలరావు కథ, ‘మాయాబజార్’కు కె.వి. రెడ్డి దగ్గర పనిచేసిన సింగీతం శ్రీనివాసరావు దర్శకత్వం. నిద్రపోతున్న రాకుమారిని మంచంతో సహా ఎగరేసుకుపోవడం, భైరవి ముందు బలి, అడవి గూడెంలో పెరిగిన రాజపుత్రుడు అన్నీ చందమామ పేజీల వాసనే. ఒక్క మెట్టు మాత్రం ఎక్కువ: ప్రియురాలి కోసం హీరో కురూపి అవుతాడు. బాలకృష్ణ లాంటి స్టారు సినిమాలో కొంతసేపు గూని మనిషిగా కనిపించడానికి ఒప్పుకోవడం, ఆనాటి లెక్కలో మొసలితో పోరాటం కన్నా పెద్ద సాహసం. ఒక పుస్తకానికి కట్టుబడకుండా ఒక పత్రిక ధోరణికి కట్టుబడటం ఎలాగో ఈ సినిమా చూపించింది.

హ్యారీ పోటర్ చిత్రాలు దీనికి ఎదురు దారి పట్టాయి. ఏడు పుస్తకాలూ వరసగా, చివరిదాన్ని రెండుగా చీల్చి మరీ తీశారు. అయినా అన్నిటికంటే లావుపాటి ఐదో పుస్తకం 2007లో 138 నిమిషాల సినిమా అయింది, అప్పటికి వచ్చిన ఐదింటిలో అదే పొట్టిది. పుస్తకాల్లో ఆద్యంతం అల్లరి చేసే పీవ్స్ అనే దయ్యం ఏ సినిమాలోనూ అడుగుపెట్టలేదు. వాడివల్ల కథ కదలదు, బడి మాత్రం నిజమైన బడిలా ఉంటుంది. మూడో సినిమా (2004)కు వచ్చిన అల్ఫాన్సో క్వారోన్ పుస్తకాన్ని ధైర్యంగా కుదించి, వాతావరణాన్నీ ఎదిగే పిల్లల చిరాకునూ పట్టుకున్నాడు. వరసలో అదే మేలైన సినిమా. డయానా విన్ జోన్స్ నవల ‘హౌల్స్ మూవింగ్ కాసిల్’ను అదే ఏడు తెరకెక్కించిన మియజాకీ ఇంకా దూరం పోయి, మూలంలో పక్కనున్న యుద్ధాన్ని నడిమధ్యకు తెచ్చాడు. వీళ్లిద్దరి పక్కన పింగళి, కె.వి. రెడ్డిలను కూర్చోబెడితే వరస కుదురుతుంది.

కాలాన్ని కుదించడంలో పోయేదేమిటో ఆళ్లగడ్డ చుట్టుపక్కల ఊళ్లలో ఏటా కనిపిస్తుంది. కనుమ నాడు అహోబిలం నరసింహుడు పారువేటకు బయల్దేరి, చెంచులక్ష్మితో తన పెళ్లికి పిలుపు చెబుతూ నలభై రోజులకు పైగా పల్లెపల్లెకూ తిరుగుతాడు. చెంచులకు ఆయన ఇంటి అల్లుడు. 1943లో ఒకసారి, 1958లో అక్కినేని, అంజలీదేవిలతో మరోసారి వచ్చిన ‘చెంచులక్ష్మి’ చిత్రాల్లో ఆ తిరుగుడుకు చోటు లేదు. 1958 చిత్రం మొదటి భాగం ప్రహ్లాదుడికీ, హిరణ్యకశిపుడిగా రంగారావుకూ ఇచ్చి, మిగతాది పెళ్లికి ఇచ్చింది. ఊరేగింపులో కథ ప్రతి ఊరి చావడి దగ్గరా ఆగుతుంది, పల్లకి దిగిన చోటల్లా ఆ ఊరివాళ్లు పెళ్లివారవుతారు. చందమామ పాఠకుడు నెలనెలా చేసింది ఇలాంటి పనే.

గౌరన చెప్పిన నాథుల్లో మిగతావారు, దాసరి కథల్లోని జంట వీరులు ఇంకా పుస్తకాల్లోనే ఉన్నారు. పది భాగాలుగా కథ చెప్పడానికి ఇప్పుడు ఓటీటీ వేదికలున్నాయి. భాగం భాగానికీ కత్తి ఎత్తిన చోట ఆపడం వాటికి బాగా తెలుసు. ‘రాకాసిలోయ’కు సరిపడే చట్రం మూడు గంటల సినిమా కాదు, ఇదే.