కోబ్రా రెప్లికాకి ఏ ఇంజిన్? స్మాల్ బ్లాకా, బిగ్ బ్లాకా?

నరసరావుపేట నుంచి మాట్లాడుతున్నా. అమెరికాలో ఉద్యోగం చేసుకుంటున్న మన గురజాల తమ్ముడొకడు ఒక ప్రశ్న పంపించాడు. "అన్నా, వీకెండ్స్‌లో గ్యారేజీలో షెల్బీ కోబ్రా రెప్లికా కట్టుకుందామనుకుంటున్నా. స్మాల్ బ్లాక్ ఇంజిన్ వేయాలా, బిగ్ బ్లాక్ వేయాలా? బిగ్ బ్లాక్ లేకపోతే అది కోబ్రానే కాదంటున్నారు మా ఫ్రెండ్స్" అని.

మంచి ప్రశ్న. ఊళ్లో ఉన్నోళ్లు "మనకెందుకులే" అనుకోవద్దు. బండికి ఎంత ఇంజిన్ కావాలి అనే లెక్క అందరికీ ఒకటే. చివర్లో మన దగ్గర చట్టం ఏమంటదో కూడా చెప్తా, అది మాత్రం వినకుండా వెళ్లొద్దు.

ముందు కోబ్రా కథ

2019లో వచ్చిన "ఫోర్డ్ వర్సెస్ ఫెరారీ" సినిమా చూసినోళ్లకి కరోల్ షెల్బీ గుర్తుంటాడు. టెక్సాస్ మనిషి. 1959లో లె మాన్స్ 24 గంటల రేసు గెలిచాడు. తర్వాత గుండె జబ్బు వల్ల రేసులు మానేసి, కార్లు తయారు చేయించే పనిలో పడ్డాడు.

అప్పట్లో ఇంగ్లండ్‌లో ఏసీ కార్స్ అనే చిన్న కంపెనీ "ఏస్" అని తేలికైన రెండు సీట్ల కారు చేసేది. దాంట్లో వేసే బ్రిస్టల్ ఇంజిన్ తయారీ ఆగిపోయింది. షెల్బీ 1961లో వాళ్లకి ఉత్తరం రాశాడు: మీ కారులో అమెరికా వీ8 ఇంజిన్ వేద్దామా అని. అదే టైముకి ఫోర్డ్ దగ్గర కొత్తగా చిన్న సైజు వీ8 ఒకటి వచ్చింది. అట్లా 1962లో కోబ్రా పుట్టింది. మొదటి 75 కార్లకి 260 క్యూబిక్ ఇంచుల ఇంజిన్ వేశారు, ఆ తర్వాత 289. ఇవి రెండూ స్మాల్ బ్లాకే. 1965లో 427 కోబ్రా వచ్చింది, అది బిగ్ బ్లాక్.

ఒరిజినల్ కోబ్రాలు మొత్తం కలిపినా దాదాపు వెయ్యే. వాటి రేటు ఇప్పుడు కోట్లలో ఉంది. అందుకే ఫ్యాక్టరీ ఫైవ్, సూపర్‌ఫార్మెన్స్ లాంటి కంపెనీల రెప్లికాలు నడుస్తున్నాయి. ఫ్యాక్టరీ ఫైవ్ వాళ్లు కిట్ పంపిస్తారు, ఇంజిన్ ఏది వేయాలో మనమే తేల్చుకోవాలి.

బ్లాక్ అంటే ఏంటి?

ఇంజిన్‌లో సిలిండర్లు తొలిచి ఉండే పెద్ద ఇనుప దిమ్మ ఉంటది చూశారూ, అదే బ్లాక్. స్మాల్, బిగ్ అనేది ఆ దిమ్మ సైజుని బట్టి వచ్చిన పేరు. లోపల ఎన్ని సీసీలు పడతాయి అనేది వేరే సంగతి. ఫోర్డ్ స్మాల్ బ్లాక్‌లో ఒక సిలిండర్ మధ్య నుంచి పక్క సిలిండర్ మధ్యకి 4.38 అంగుళాలు. 427 వచ్చిన ఎఫ్‌ఈ అనే బిగ్ బ్లాక్ కుటుంబంలో 4.63 అంగుళాలు. కొలత చూస్తే పావు అంగుళమే తేడా, కానీ దాంతోపాటు దిమ్మ, హెడ్లు, మ్యానిఫోల్డ్ అన్నీ పెరుగుతాయి.

మనకి అలవాటైన లెక్కలో చెప్తా. ఒక క్యూబిక్ ఇంచు అంటే సుమారు 16.4 సీసీ. 289 అంటే 4.7 లీటర్లు, 427 అంటే 7 లీటర్లు. మన బుల్లెట్ 349 సీసీ కదా. 289 ఇంజిన్‌లో పదమూడున్నర బుల్లెట్లు ఉన్నట్టు, 427లో ఇరవై బుల్లెట్లు ఉన్నట్టు. అర్థమైంది కదా, ఇక్కడ "స్మాల్" అనేది కూడా చిన్నదేం కాదు.

ఇంక టార్క్, అంటే తిప్పే బలం. 45 హార్స్‌పవర్ ట్రాక్టర్ మిర్చి టిక్కీలు నింపిన ట్రక్కుని యార్డుకి లాక్కెళ్లుద్ది. 80 హార్స్‌పవర్ కారు అది లాగలేదు. గేర్ల మహిమ కూడా ఉందనుకోండి, కానీ తక్కువ స్పీడులోనే బలం ఇచ్చే ఇంజిన్ అంటే అదీ. స్విఫ్ట్ టార్క్ 112 న్యూటన్ మీటర్ల దగ్గర ఉంటది. 271 హార్స్‌పవర్ 289కి 423, 425 హార్స్‌పవర్ 427కి 650. బిగ్ బ్లాక్ మీద జనానికి మోజు ఎందుకో ఈ ఒక్క నంబర్‌లోనే ఉంది. నాలుగో గేర్లో ఉండి తొక్కినా సీటుకి అతుక్కుపోతారు.

రేసుల్లో ఏది గెలిచింది?

రెండూ గెలిచినయ్. 1965లో జీటీ కార్ల ప్రపంచ తయారీదారుల ఛాంపియన్‌షిప్ షెల్బీ టీమ్ గెలిచింది. ఆ డేటోనా కూపే కార్లలో ఉన్నది 289, స్మాల్ బ్లాక్. ఒక విషయం ఒప్పుకోవాలి: 427 కోబ్రాని ఆ ఏడాది దింపుదామనుకున్నారు కానీ, రూల్ ప్రకారం కావాల్సిన 100 కార్లు టైముకి పూర్తి కాలేదు. 1966లో లె మాన్స్‌లో ఫోర్డ్ జీటీ40 కార్లు మొదటి మూడు స్థానాలు కొట్టినయ్, అవి 7 లీటర్ల 427 ఇంజిన్లు. తర్వాత రూల్స్ మారి 5 లీటర్ల హద్దు పెట్టాక 1968, 1969లో అదే జీటీ40 స్మాల్ బ్లాక్‌తో మళ్లీ గెలిచింది.

దీన్నిబట్టి ఏం తెలుస్తుంది? లె మాన్స్‌లో కిలోమీటర్ల కొద్దీ సూటి రోడ్డు, అక్కడ పెద్ద ఇంజిన్ పనికొచ్చింది. మలుపులు ఎక్కువున్న చోట తేలిక బండి పనికొస్తది. ముందు రోడ్డు చూసుకుని, తర్వాత ఇంజిన్ ఎంచుకోవాలి. మన బండలాగుడు పోటీల్లో సీనియర్ జత ఎంత గొప్పదైనా, దాన్ని బజారుకెళ్లే బండికి కట్టం కదా.

ఇంజిన్ ఒక్కటే మారదు

కోటప్పకొండ తిరునాళ్లకి ప్రభ కట్టేవాళ్లని అడగండి. ప్రభ ఎత్తు ఇంకో పది అడుగులు పెంచితే కర్రలతో సరిపోదు. కింద బండి, మోకులు, లాగే ట్రాక్టర్, లైట్ల జనరేటర్ అన్నీ దానికి తగ్గట్టు మార్చాలి. బిగ్ బ్లాక్ కూడా అంతే. షెల్బీ కూడా 427 వేయడానికి పాత ఫ్రేమ్ వాడలేదు. లావు పైపుల కొత్త ఛాసిస్, కొత్త కాయిల్ స్ప్రింగ్ సస్పెన్షన్, వెడల్పు బాడీ చేయించాల్సి వచ్చింది.

మొదటిది బరువు. పోత ఇనుము ఎఫ్‌ఈ ఇంజిన్ 289 కంటే సుమారు 80, 90 కిలోలు ఎక్కువ. ఆ బరువంతా ముందు చక్రాల మీద పడుద్ది. ఒక మనిషిని ఎప్పుడూ బానెట్ మీద కూర్చోబెట్టుకుని తిరిగినట్టు. అల్యూమినియం హెడ్లు, అల్యూమినియం బ్లాక్ వేస్తే తగ్గుద్ది, కానీ డబ్బు పెరుగుద్ది.

రెండోది గేర్‌బాక్సు, వెనక యాక్సిల్. పాత మస్టాంగ్‌లో వచ్చే టీ5 గేర్‌బాక్సు మామూలు 302 ఇంజిన్‌కి సరిపోతది. బిగ్ బ్లాక్ టార్క్‌కి అది నిలవదు. గట్టి గేర్‌బాక్సు, గట్టి క్లచ్, గట్టి యాక్సిల్ కొనాలి. ఇంజిన్ రేటు ఒక్కటే చూసి బడ్జెట్ వేసుకున్నోళ్లు ఇరుక్కునేది ఇక్కడే.

మూడోది వేడి. పెట్రోల్ మండితే వచ్చే శక్తిలో మూడో వంతు దాకానే చక్రాలకి పోతది. మిగతాది రేడియేటర్ నుంచి, సైలెన్సర్ నుంచి వేడిగా బయటికి పోవాల్సిందే. కోబ్రాలో కాళ్లు పెట్టే చోటు ఇంజిన్ పక్కనే, ఇరుకు. ఎండాకాలం రెంటచింతలలో మిట్టమధ్యాహ్నం ఆగిన ఆటోలో కూర్చుంటే ఎట్లుంటదో మనకి తెలుసు. టెక్సాస్, ఆరిజోనా ఎండలు కూడా తక్కువేం కాదు. పక్కన బయటికి వచ్చే సైడ్ పైపుల మోడల్ అయితే దిగేటప్పుడు పిక్క కాలుద్ది. దానికి కోబ్రా ఓనర్లు "పాము కాటు" అని పేరు కూడా పెట్టుకున్నారు.

నాలుగోది పెట్రోల్. బిగ్ బ్లాక్‌కి లీటరుకి నాలుగు కిలోమీటర్లు వస్తే సంతోషించాలి. నరసరావుపేట నుంచి గుంటూరు 45 కిలోమీటర్లు. ఒక్కసారి పోవడానికే పది లీటర్ల పైన.

427 బ్యాడ్జి ఉంటే బిగ్ బ్లాక్ అనుకోవద్దు

చాలామందికి తెలియంది ఇదే. అప్పట్లో షోరూమ్ నుంచి వచ్చిన కొన్ని "427" కోబ్రాల్లో నిజానికి ఉన్నది 428. నంబర్ దగ్గరే, రెండూ ఎఫ్‌ఈ కుటుంబమే. కానీ 427 రేసు కోసం చేసిన ఇంజిన్, 428 ఖర్చు తక్కువలో రోడ్డు కార్లకి చేసింది.

ఇప్పుడు కథ ఇంకా మారింది. స్మాల్ బ్లాక్‌లోనే క్రాంక్ మార్చి, పిస్టన్ ఎక్కువ దూరం తిరిగేలా చేస్తారు. దాన్ని స్ట్రోకర్ అంటారు. 302ని 347 చేస్తారు. 351 విండ్సర్ రకం దిమ్మలో 4.125 అంగుళాల బోర్, 4 అంగుళాల స్ట్రోక్ పెడితే లెక్క సుమారు 427 వస్తది. షెవర్లే కూడా 2006 కార్వెట్ జీ06లో ఎల్‌ఎస్7 అని 7 లీటర్ల స్మాల్ బ్లాక్ వేసింది, 505 హార్స్‌పవర్. అంటే బిగ్ బ్లాక్ సీసీలు కావాలంటే బిగ్ బ్లాక్ బరువు మోయాల్సిన పని లేదు. ఫోర్డ్ కొత్త 5 లీటర్ల కొయొటీ ఇంజిన్ 2011 మస్టాంగ్‌లో 412 హార్స్‌పవర్ ఇచ్చింది, పొద్దున్నే తాళం తిప్పితే స్టార్ట్ అయ్యే రకం. కానీ దాని హెడ్లు వెడల్పు. మీ కిట్‌లో పడుద్దో లేదో ముందే కొలుచుకోవాలి.

మరి ఏది వేయాలి?

తమ్ముడూ, నీకు నేను చెప్పేది ఇది. వీకెండ్ డ్రైవ్, మలుపుల రోడ్లు, మొదటిసారి కారు కట్టడం అయితే స్మాల్ బ్లాక్. పార్టులు ఎక్కువ దొరుకుతాయి, నేర్పేవాళ్లు ఎక్కువ, బండి చెప్పిన మాట వింటది. డబ్బులుంటే తర్వాత స్ట్రోకర్ చేసుకోవచ్చు. 1965 నాటి ఒరిజినల్ ఎట్లుందో అట్లే కావాలి, బానెట్ ఎత్తితే ఎఫ్‌ఈ కనపడాలి, ఆ సౌండే కావాలి అంటే బిగ్ బ్లాక్. అదీ సరైన కారణమే, మనసుకి నచ్చింది చేసుకోవడం తప్పు కాదు. కానీ "ఫ్రెండ్స్ ఏమనుకుంటారో" అని మాత్రం వేయొద్దు. ఇంజిన్ కొనకముందే మీ రాష్ట్రంలో రిజిస్ట్రేషన్, పొగ రూల్స్, ఇన్సూరెన్స్ కనుక్కో. ఒక్కో రాష్ట్రానికి ఒక్కో రూల్.

ఎందుకింత గట్టిగా చెప్తున్నానంటే, ఇది ప్రాణాలతో పని. పాత మస్టాంగ్ 302 ఇంజిన్‌కి 225 హార్స్‌పవర్. "ఇంతేనా" అనిపిస్తది. కానీ రెప్లికా బరువు 1,100 కిలోల అటూ ఇటూ, స్విఫ్ట్ కంటే కొంచెం ఎక్కువ. స్విఫ్ట్ పవర్ 80 చిల్లర. కోబ్రా ముందు చక్రానికీ వెనక చక్రానికీ మధ్య దూరం 90 అంగుళాలు, అంటే 2,286 మిల్లీమీటర్లు. స్విఫ్ట్‌కి 2,450. ఇంత పొట్టి బండి వెనక చక్రాలు ఒకసారి జారితే సర్దుకునే టైము ఉండదు. పైగా మామూలు కిట్లలో ఏబీఎస్, ఎయిర్‌బ్యాగులు, ట్రాక్షన్ కంట్రోల్ ఉండవు. 225తో తడి రోడ్డు మీద భయపడే మనిషికి 425 ఇస్తే ఏమవుద్దో ఆలోచించు.

ఇప్పుడు మన ఊరి కుర్రాళ్లకి

ఇక్కడ ఇంజిన్ మార్పిడి వీడియోలు చూసి మెకానిక్ దగ్గరికి పోయే ముందు ఒక్క నిమిషం. 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం, కంపెనీ ఇచ్చిన వివరాలకి తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే చెప్పింది. అదే ఏడాది సవరణతో వచ్చిన 182ఏ సెక్షన్ కింద, పర్మిషన్ లేని ఒక్కో మార్పుకి 5,000 రూపాయల ఫైన్, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ. అసలు దెబ్బ యాక్సిడెంట్ అయినప్పుడు తగులుద్ది. బండి ఆర్‌సీలో ఉన్నట్టు లేకపోతే ఇన్సూరెన్స్ క్లెయిమ్ దగ్గర గొడవ మొదలవుద్ది, ఆ భారం ఇంట్లోవాళ్ల మీద పడుద్ది.

అందుకని బైకు కొనేటప్పుడే ఈ లెక్క వేసుకోండి. రోజూ ఎక్కడ తిరుగుతాం? బరువెంత? బ్రేకులు ఆ పవర్‌ని ఆపగలవా? పెట్రోల్ ఎవరు పోయిస్తారు? ఈ నాలుగింటికి జవాబు వచ్చాక సీసీలు చూడండి. మాచర్ల నుంచి సాగర్ రోడ్డు మీద సాయంత్రం హాయిగా పోయి రావడానికి 20 హార్స్‌పవర్ బుల్లెట్ చాలు, హెల్మెట్ ఉంటే చాలు.

వచ్చే ఎపిసోడ్‌లో గేర్‌బాక్సు గురించి మాట్లాడుకుందాం. ఉంటా మరి, జాగ్రత్తగా నడపండి.