రేషన్ పెట్టెలో సిగరెట్లు, ముసలితనంలో క్యాన్సర్

రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికా సైనికుడికి అందే కె-రేషన్ పెట్టెలో బిస్కట్లు, డబ్బా మాంసంతో పాటు పూటకు నాలుగు సిగరెట్లు ఉండేవి. యుద్ధం ముగిసినా రేషన్లలో సిగరెట్లు పెట్టే ఆనవాయితీ 1975లో గాని ఆగలేదు. పద్దెనిమిదేళ్ల కుర్రాళ్లకు ప్రభుత్వం చేతులారా ఇచ్చిన పొగ అది. అరవై ఏళ్లు వచ్చేసరికి ఆ పొగ వాళ్లను ఏం చేసిందో తేల్చడంలోనూ మాజీ సైనికులే ముఖ్యపాత్ర వహించారు.

1950లలో హెరాల్డ్ డార్న్ అనే గణాంక శాస్త్రవేత్త ప్రభుత్వ జీవిత బీమా ఉన్న మాజీ సైనికులకు పొగ అలవాటు గురించి ప్రశ్నపత్రాలు పంపించారు. రెండున్నర లక్షల మంది వివరాలు చేతికొచ్చాయి. బీమా ఉన్న మనిషి చనిపోతే ఆ సొమ్ము కోసం కుటుంబం తప్పకుండా కబురు పెడుతుంది. అందుకే ఒక్క మరణం కూడా లెక్క తప్పిపోయే అవకాశం చాలా తక్కువ. పొగతాగేవారిలో ఊపిరితిత్తుల క్యాన్సర్ మరణాలు ఎన్నో రెట్లు ఎక్కువని ఆ లెక్కలు తేల్చాయి. అదే కాలంలో న్యూజెర్సీ రాష్ట్రం ఈస్ట్ ఆరెంజ్‌లోని మాజీ సైనికుల ఆసుపత్రిలో ఆస్కార్ ఆవర్‌బాక్ అనే వైద్యుడు చనిపోయినవారి శ్వాసనాళాలను పలుచని పొరలుగా కోసి సూక్ష్మదర్శిని కింద చూశారు. తాగిన సిగరెట్లు పెరిగేకొద్దీ లోపలి పొరలోని కణాలు రూపు చెడుతూ వచ్చాయి. మానేసినవారిలో ఆ చెడుపు తక్కువగా కనిపించింది. పొగాకును దోషిగా నిలబెట్టిన 1964 నాటి అమెరికా సర్జన్ జనరల్ నివేదికకు ఈ ఇద్దరి పనీ బలమైన ఆధారమైంది.

జబ్బుకు కారణం దొరికింది. ఇక దాన్ని ముందే పట్టుకోవడం ఎలా? తక్కువ రేడియేషన్ వాడే సీటీ స్కాన్‌తో ఏటా పరీక్షిస్తే, బాగా పొగతాగినవారిలో ఊపిరితిత్తుల క్యాన్సర్ మరణాలు 20 శాతం తగ్గుతాయని 2011లో ఒక పెద్ద అమెరికా అధ్యయనం చూపింది. మామూలు ఆసుపత్రుల్లో ఇది ఎంతవరకు పనిచేస్తుందో చూడడానికి 2013-15 మధ్య ఎనిమిది మాజీ సైనికుల వైద్యకేంద్రాలు 2,106 మందికి స్కాన్ తీశాయి. వారిలో 1,257 మందికి, అంటే నూటికి అరవై మందికి, ఊపిరితిత్తుల్లో ఏదో ఒక చిన్న గడ్డ కనిపించింది. క్యాన్సర్ అని తేలింది మాత్రం 31 మందికే. మిగిలినవారిలో చాలామందిని మళ్లీ స్కాన్లతో గమనిస్తూ ఉండాల్సి వచ్చింది. పాత ఇన్ఫెక్షన్ల మచ్చలు కూడా స్కాన్‌లో గడ్డల్లాగే కనిపిస్తాయి. క్షయ ఇంత ఎక్కువగా ఉన్న మన తెలుగు రాష్ట్రాల్లో ఇలాంటి పరీక్ష మొదలుపెట్టాలంటే ఈ ఇబ్బంది గురించే ముందుగా ఆలోచించాలి.

పెద్దపేగు తీరు వేరు. అక్కడ క్యాన్సర్ చాలావరకు పాలిప్ అనే చిన్న పిలకగా మొదలై, ముదరడానికి తరచుగా పదేళ్ల పైనే తీసుకుంటుంది. ఊపిరితిత్తుల స్కాన్ పుట్టిన క్యాన్సర్‌ను తొందరగా చూపించగలదు, అంతే. కెమెరా గొట్టంతో పేగంతా చూసే కొలనోస్కోపీ పిలకను అక్కడికక్కడే కత్తిరించి, క్యాన్సర్ పుట్టకుండానే ఆపగలదు. 1990ల దాకా చాలామంది వైద్యులు పేగు ఎడమ భాగాన్ని మాత్రమే చూసే పొట్టి గొట్టంతో సరిపెట్టుకునేవారు. డేవిడ్ లీబర్‌మన్ నాయకత్వంలో 13 మాజీ సైనికుల ఆసుపత్రులు ఏ లక్షణాలూ లేని 3,121 మందికి పేగంతా పరీక్షించాయి. 2000లో ఫలితాలు వచ్చాయి. పది మందిలో ఒకరికి ముదిరిన పిలక గానీ క్యాన్సర్ గానీ ఉంది. పేగు పైభాగంలో అలాంటివి ఉన్నవారిలో 52 శాతం మందికి కింది భాగంలో క్యాన్సర్‌గా మారగల అడినోమా రకం పిలక ఏదీ లేదు. పొట్టి గొట్టంతో చూసి ఉంటే వాళ్లందరికీ ఏమీ లేదని చెప్పి ఇంటికి పంపేవారు.

ఆ అధ్యయనంలో నూటికి 97 మంది మగవాళ్లే. ఆ లోటు తీర్చడానికి సైనిక ఆసుపత్రుల్లో 1,463 మంది మహిళలను పరీక్షించి 2005లో ఫలితాలు ప్రకటించారు. ముదిరిన పిలకలున్న మహిళల్లో పొట్టి గొట్టానికి దొరికేవారు 35 శాతమేనని తేలింది. మగవాళ్ల మీద తేల్చినదాన్ని ఆడవాళ్లకు అంటగడితే ఎంత నష్టమో ఈ ఒక్క అంకె చాలు చెప్పడానికి.

అయితే అందరికీ కొలనోస్కోపీ చేయడం ఖరీదు, శ్రమ. మలంలో కంటికి కనిపించని రక్తాన్ని పట్టే ఫిట్ పరీక్ష ఏటా చేస్తే సరిపోదా? ఈ ప్రశ్న మన దేశానికీ ముఖ్యమే. జవాబు కోసం 2012 నుంచి 2017 వరకు 46 కేంద్రాల్లో 50,126 మంది మాజీ సైనికులను కన్ఫర్మ్ అనే అధ్యయనంలో చేర్చుకున్నారు. సగం మందికి ఒకసారి కొలనోస్కోపీ, సగం మందికి ఏటా ఫిట్. పదేళ్లలో ఏ వర్గంలో పెద్దపేగు క్యాన్సర్ మరణాలు తక్కువో చూడడం దాని లక్ష్యం.

ఇరాక్, అఫ్ఘానిస్తాన్ యుద్ధాల్లో సైనికులు పీల్చింది మరో రకం పొగ. శిబిరాల పక్కనే పెద్ద గుంతలు తీసి ప్లాస్టిక్, రంగులు, ఆసుపత్రి చెత్త, అన్నీ కలిపి విమాన ఇంధనం పోసి తగలబెట్టేవారు. 2022 ఆగస్టులో వచ్చిన పాక్ట్ చట్టం ఆ పొగకు గురైనవారికి వచ్చే శ్వాసకోశ, జీర్ణకోశ క్యాన్సర్లను సైనిక సేవ వల్ల వచ్చినవిగానే భావిస్తుంది. ఆ చట్టానికి పెట్టింది హీత్ రాబిన్సన్ అనే సార్జెంట్ పేరు. ఆయన 2020లో ఊపిరితిత్తుల క్యాన్సర్‌తో చనిపోయారు. ఎవరు ఎంత పొగ పీల్చారో ఆనాడు మనిషి మనిషికీ కొలవలేదు గనుక, రుజువు తెమ్మని రోగిని అడగకపోవడమే న్యాయం. కానీ ఊపిరితిత్తుల స్కాన్‌కు అమెరికాలో ఇప్పటికీ అర్హత నిర్ణయించేది వయసు, సిగరెట్ల లెక్క. యాభై నిండి, రోజుకో పెట్టె చొప్పున ఇరవై ఏళ్లు తాగినంత లెక్క ఉండాలి. సిగరెట్ ముట్టకుండా ఆ గుంతల పక్కన కాపలా కాసిన నలభై ఏళ్ల సైనికుడికి అలాంటి క్యాన్సర్ వస్తే నష్టపరిహారం పొందే హక్కు ఉంది గానీ, జబ్బును ముందే పట్టే ఆ స్కాన్ జాబితాలో చోటు లేదు. పరిశోధకులు తక్షణం పట్టించుకోవలసింది ఈ మనిషినే.