కెరటమూ, కెమెరా: నలుపు తెలుపు చిత్రములలో భావమెంత, నేర్పెంత?

నంద్యాల, ఆళ్లగడ్డ ప్రాంతముల విద్యార్థులకు సముద్రము విహారయాత్రలలో మాత్రమే లభించు దృశ్యము. విశాఖపట్టణమో, భీమునిపట్టణమో పోయి వచ్చినవారి నలుపు తెలుపు చిత్రములను పాఠశాల ప్రదర్శనలో ఉంచినపుడు ఉపాధ్యాయునకు ఒక చిక్కు ఎదురగును. ఒకదానిలో ప్రతి గులకరాయి స్పష్టముగా నుండును. కాని చూచినవారి మనస్సు కదలదు. వేరొకదానిలో నీరంతయు పొగవలె చెదిరియుండును. అయినను దానిముందునుండి కదలబుద్ధి పుట్టదు. బహుమతి దేనికి? భావమునకు సగము, నైపుణ్యమునకు సగము మార్కులు పంచుట సులభమే కాని, ఆ పంపకము సరికాదని నా అభిప్రాయము. ఇట్టి చిత్రమునందలి భావము బూడిదరంగు ఛాయలలోనే కలదు. ఆ ఛాయలను కల్పించునది నైపుణ్యమే. కనుక చిత్రము తోపించిన భావమును మొదట ఒక్క మాటలో వ్రాసికొని, తరువాత స్పష్టత, ఛాయలు, క్షితిజరేఖ ఆ మాటకు తోడ్పడినవా, అడ్డుపడినవా అని పరీక్షించుట మేలు.

కెరటమును తీసికొందము. తీరమునకు వచ్చు నీరు సెకనుకు 3 మీటర్ల వేగముతో కదలుచున్నదనుకొనుడు. షట్టరు సెకనులో 500వ వంతు తెరచియున్నచో నీరు 6 మిల్లీమీటర్లు మాత్రమే జరుగును; తుంపరలు గాజుపూసలవలె నిలిచిపోవును. 30వ వంతు తెరచినచో 10 సెంటీమీటర్లు జరుగును. 2 సెకనులు తెరచినచో 6 మీటర్లు! అపుడు కెరటము మంచుతెరగా మారును. మొదటిది ఉద్ధృతిని, చివరిది ప్రశాంతిని తోపించును. నడిమిదానిలో తరచుగా రెండును ఉండవు. మరి ఆ మసక కోరి తెచ్చినదో, చేయి వణకి వచ్చినదో తెలియుటెట్లు? నీటిని గాక రాతిని చూడుడు. రాళ్లు, ఒడ్డునకు లాగిన తెప్పలు స్పష్టముగా నుండి నీరు మాత్రమే చెదరినచో అది తీసినవాని సంకల్పము. రాతి అంచులు కూడ రెండుగా కన్పించినచో కెమెరా కదలినదన్నమాట. అపుడు “భావము కొరకే అట్లు తీసితిని” అన్నను నమ్ముట కష్టము.

ఇక రంగుల విషయము. విశాఖపట్టణ, భీమునిపట్టణముల మధ్య తీరమున ఎర్రమట్టిదిబ్బలు కలవు. ఎర్రని దిబ్బ, నీలాకాశము కంటికి ఎంతో భిన్నముగా తోచును. రంగుల చిత్రమును నలుపు తెలుపుగా మార్చుటకు నేడు వాడుకలోనున్న సూత్రములలో ఒకటి ఎరుపును 0.299 చేతను, ఆకుపచ్చను 0.587 చేతను, నీలమును 0.114 చేతను గుణించి కలుపును. దిబ్బకు ఈ మూడును వరుసగా 180, 90, 60 అనియు, ఆకాశమునకు 80, 120, 200 అనియు అనుకొని లెక్కింపుడు. దిబ్బకు 113, ఆకాశమునకు 117 వచ్చును. రెండును ఇంచుమించు ఒకే బూడిదరంగు! అంతటి దృశ్యము కాగితముపై చప్పబడుటకు కారణమిదియే. ఫిల్ము కెమెరాకు ఎర్ర ఫిల్టరు తగిలించినచో ఆకాశము నల్లబడి దిబ్బ మెరయును. తుపాను రానున్నదా అనిపించును. నీలి ఫిల్టరుతో ఆకాశము వెలవెలబోయి దిబ్బ నల్లబడును. దృశ్యమొకటే, భావములు రెండు.

ఈ చిక్కు పాతదే. నాటి కొలోడియను పలకలు నీలికాంతినే ఎక్కువగా గ్రహించుటచే, సముద్రము సరిగా వచ్చులోపల ఆకాశము తెల్లకాగితమయ్యెడిది. ఫ్రాన్సు దేశీయుడు గుస్తావ్ లె గ్రే 1856-57 ప్రాంతమున తీసిన సముద్రచిత్రములలో కొన్నిటిని ఆకాశమునకొక నెగెటివు, నీటికొక నెగెటివు వాడి ముద్రించెను. అది మోసమని నేనైతే తోసివేయను. రెండు భాగములకును వెలుగు ఒకే దిక్కునుండి వచ్చినదా అని మాత్రము చూచెదను. వెలుగు దిక్కన్నపుడు ఒక చిన్న మాట: మనది తూర్పు తీరము. సముద్రముపై సూర్యబింబమున్న చిత్రమునకు ‘సాయంసంధ్య’ అని పేరు పెట్టిన విద్యార్థిని భూగోళము మాష్టరుకు అప్పగింపవచ్చును.

అభ్యాసమునకు సముద్రమే కానక్కరలేదు. కెమెరాలోని కాంతిమాపకము తాను చూచినదంతయు నడితరపు బూడిదరంగనియే భావించును. నంద్యాల నల్లరేగడి చేనితో చిత్రమంతయు నింపి తీయుడు. నల్లని నేల బూడిదరంగుగా వచ్చును. సున్నము కొట్టిన గోడయు అంతే. భీమునిపట్టణమున ఇల్మెనైటు కలిసిన నల్లని ఇసుక, దానిపై తెల్లని నురుగు పెట్టు తిప్పలు ఇవియే. నేలకు కాంతి తగ్గించి, గోడకు పెంచి మరల తీయుడు.

ఆళ్లగడ్డలో శిల్పులు పనిచేయు చోటికి పోయి, అనుమతి పొంది, నేలపై పరచి చెక్కుచున్న ఫలకమును నడిమధ్యాహ్నము ఒకసారి, ప్రాతఃకాలమున మరియొకసారి తీయుడు. నెత్తిమీది ఎండలో గీతలు అణగిపోవును. ఏటవాలు ఎండలో ప్రతి ఉలిదెబ్బయు నీడ వేయును. తడి ఇసుకపై అలలు గీసిన చారలును ఇట్టి చెక్కడమే. ఆ రెండు చిత్రములను ప్రక్కప్రక్కన ఉంచి, వేళ చెప్పక, దేనిలో రాయి బరువుగా తోచుచున్నదో, ఏలనో తరగతిని అడుగుడు.