ఆయన రాకపోయినా మీరు వెళ్లండి

రాత్రి పదిన్నర. గేటు చప్పుడైతే చాలు, గుండె దడ. పిల్లలు దుప్పటి ముసుగేసుకుని నిద్ర నటిస్తారు. అన్నం గిన్నె మీద మూత సర్దుతూ ఆమె ఆయన అడుగుల చప్పుడు వింటుంది. తడబడుతున్నాయా? సరిగ్గానే పడుతున్నాయా? ఆ రాత్రి ఎలా గడుస్తుందో ఆ చప్పుడే చెబుతుంది. తెల్లారాక ఆఫీసుకు ఫోన్ చేసి "జ్వరమండీ, ఇవాళ రాలేరు" అని అబద్ధమాడేదీ ఆవిడే.

ఇలాంటి ఇల్లాలు మన వీధిలోనూ ఉంటుంది. కానీ బయటపడదు. మొక్కులయ్యాయి, ఒట్లయ్యాయి. అమ్మతో చెప్పుకుంటే "సర్దుకుపోవాలే తల్లీ" అంటుంది. అత్తగారేమో "నువ్వు సరిగ్గా చూసుకుంటే వాడెందుకు తాగుతాడు?" అంటుంది. ఆ మాట వినీ వినీ చివరికి తప్పు తనదేనేమో అనుకుంటుంది.

మన ఆడవాళ్లు ఈ బాధను ఒకసారి గుమ్మం దాటించారు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట మహిళలు సారా మీద తిరగబడ్డారు. ఆ ఉద్యమం రాష్ట్రమంతా పాకి, 1995లో సంపూర్ణ మద్యనిషేధం దాకా వెళ్లింది. 1997లో ఆ నిషేధం సడలింది. దుకాణాలు మూతపడ్డాయి, మళ్లీ తెరుచుకున్నాయి. ఒక్క పాఠం మాత్రం మిగిలింది. ఎవరింట్లో వాళ్లు ఏడ్చినంత కాలం జరగనిది, నలుగురూ కలిసి కూర్చుంటే జరిగింది.

ఇల్లాళ్ల కోసం మరో గది

1935లో అమెరికాలోని ఆక్రన్ అనే ఊళ్లో ఇద్దరు తాగుబోతులు, ఒకరు షేర్ల వ్యాపారంలో పనిచేసినాయన, మరొకరు డాక్టరు, ఒకరికొకరు తోడై తాగుడు మానారు. 'ఆల్కహాలిక్స్ అనానిమస్' (ఏఏ) అలా పుట్టింది. మగవాళ్లు లోపల మీటింగులో ఉంటే, బయట వాళ్ల కోసం కూర్చున్న భార్యలు తమ కష్టాలు తాము చెప్పుకోవడం మొదలెట్టారు. ఆ ఇద్దరిలో ఒకరి భార్య లోయిస్ విల్సన్, తన స్నేహితురాలితో కలిసి 1951లో అలాంటి బృందాలన్నిటినీ 'అల్-అనాన్' పేరుతో ఒక్కచోటికి చేర్చారు. తాగేవారికి ఏఏ, వారి ఇంట్లోవాళ్లకు అల్-అనాన్. రెండూ మన దేశంలోనూ ఉన్నాయి.

అక్కడ ఏం జరుగుతుంది?

ఏ బడి గదిలోనో, చర్చి ఆవరణలోనో కొందరు కుర్చీలు వేసుకుని కూర్చుంటారు. చర్చిలో అనగానే మతం మారుస్తారేమోనని కంగారు పడకండి. ఏ మతానికీ సంబంధం లేదు. ఫీజు లేదు. ఇష్టమైనవారు తోచింది వేస్తారు. పేరు చెబితే చాలు, ఇంటిపేరు ఎవరూ అడగరు. అక్కడ విన్నది అక్కడే వదిలేయాలన్నది నియమం. ఒకరు మాట్లాడుతుంటే మరొకరు అడ్డురారు, సలహాలు గుప్పించరు. మొదటి రోజు మీరు నోరు విప్పకపోయినా ఎవరూ ఏమీ అనుకోరు.

అక్కడ ముందుగా వినపడే మాటలు మూడు: ఆయన తాగుడికి కారణం మీరు కాదు, దాన్ని అదుపు చేయడం మీ వల్ల కాదు, నయం చేయడమూ మీ చేతిలో లేదు. వినడానికి నిరాశగా ఉంటుంది. కానీ ఏళ్ల తరబడి నెత్తిన మోస్తున్న బరువు దిగేది అక్కడే. ఆ తర్వాతే చిన్న చిన్న మార్పులు. ఆఫీసుకు అబద్ధం చెప్పడం మానేస్తారు. మత్తులో ఉన్న మనిషితో వాదన పెట్టుకోరు. పిల్లల చదువు, మీ ఆరోగ్యం మళ్లీ మీ చేతిలోకి వస్తాయి. ఆయన మానతాడన్న హామీ ఎవరూ ఇవ్వరు. మీరు నిలబడటం మాత్రం అప్పుడే మొదలవుతుంది.

ఈ జాగ్రత్తలు మరవొద్దు

"ఆయనకు తెలియకుండా అన్నంలో కలపండి" అంటూ ఎవరైనా మందు ఇస్తే తీసుకోకండి. డైసల్ఫిరామ్ లాంటి మందు కడుపులో ఉండగా తాగితే వాంతులు, గుండెదడ, బీపీ పడిపోవడం, ఒక్కోసారి ప్రాణాపాయం. డాక్టరు సలహాతో, ఆయనకు చెప్పే వాడాలి. ఏళ్లుగా రోజూ తాగేవారు హఠాత్తుగా మానేసినా చేతులు వణకడం, ఫిట్స్, మతిభ్రమ రావచ్చు. కాబట్టి మానే ముందు ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

కొడుతున్నాడా? అప్పుడు మీటింగు ఒక్కటే సరిపోదు. 181కి గానీ, 112కి గానీ ఫోన్ చేయండి. 2005 నాటి గృహహింస చట్టం మీకు అండగా ఉంది.

ఎలా వెతకాలి?

పెద్దాసుపత్రిలో మానసిక వైద్య విభాగంలో గానీ, డీ-అడిక్షన్ సెంటర్ కౌన్సెలర్‌ను గానీ అడగండి. మత్తు అలవాట్ల కోసం ఉన్న జాతీయ ఉచిత ఫోన్ నంబరు 14446. మీటింగు ఏ రోజు, ఏ భాషలో జరుగుతుందో కూడా అడగండి. ఏఏలో కొన్ని మీటింగులు తాగుడు మానాలనుకునేవారికి మాత్రమే, కొన్నిటికి ఎవరైనా వెళ్లొచ్చు. తాగుడు అలవాటైన స్త్రీలకూ అక్కడ చోటుంది. మానాలన్న కోరిక ఒక్కటే అర్హత. ఒక్కసారి వెళ్లి "నాకు నప్పలేదు" అనుకోకండి. నాలుగైదు సార్లయినా వెళ్లి చూడండి.

"ముందు ఆయన్ని ఒప్పించి, ఇద్దరం కలిసి వెళ్తాం" అనుకుంటూ ఎన్నేళ్లు గడిచాయి? ఆయన ఒప్పుకున్న రోజు ఒప్పుకుంటాడు. ఈ వారం మాత్రం చెప్పులేసుకుని మీరు బయల్దేరండి. ఆ గదిలో గేటు చప్పుడుకి ఉలిక్కిపడేది మీరొక్కరే కాదని తెలుస్తుంది.