కొఠారు నేర్పిన గురువు

అన్నదాన మనగానే మనకు తోచునది పొయ్యి, గుండిగ, విస్తరి. లంకలగన్నవరమున వేళగాని వేళ వచ్చిన బాటసారికి సైతము వండి వడ్డించిన డొక్కా సీతమ్మగారిని తలచినచో ఆ పంక్తియే కన్నులకు కట్టును. అట్లుగాక, పొయ్యి రాజేయక, ఒక్క మెతుకైనను వడ్డింపక, లారీల రాకపోకలను, గోదాములోని నిల్వలను, సరకు పాడగు దినములను లెక్కించుచు లక్షలాది జనుల ఆకలి తీర్చు పద్ధతి యొకటి కలదు. ఫుడ్ బ్యాంకు అని దానికి పేరు. దాని కాద్యుడు జాన్ వాన్ హెంగెల్ అను అమెరికా దేశీయుడు.

ఇతడు 1923లో విస్కాన్సిన్ రాష్ట్రమున జన్మించెను. నడివయస్సున సంసారము చెదరి, రాతిగనిలో పనిచేయుచు గాయపడి, దేహము స్వాధీనము తప్పగా, వెచ్చని సీమ మేలుచేయునని వైద్యులు చెప్పుటచే అరిజోనాలోని ఫీనిక్స్ నగరము చేరెను. అచట బీదలకు భోజనము పెట్టు నొక సత్రమునకు ఊడిగము చేయుచు, ఊరి పెరళ్లలో రాలి కుళ్లుచున్న నారింజజాతి ఫలములను కోయించి తెచ్చుట మొదలిడెను. కొలదికాలమునకే ఆ పండ్లు సత్రమునకు మిక్కిలియై, వానిని దాచు చోటు వెదకవలసివచ్చెను.

ఆ దినములలోనే, కిరాణా దుకాణము వెనుకటి చెత్తతొట్టెలలో ఏరిన పదార్థములతో బిడ్డలను సాకుకొనుచున్న యొక తల్లి, పారవేయు ఆహారమును ఒకరు దాచునట్లును, వలసినవారు తీసికొనునట్లును బ్యాంకువంటి దుండిన బాగుండునని యనెనట. చరిత్రకారులు వాన్ హెంగెల్ పేరే వ్రాయుదురు గాని, ఆలోచనలో సగపాలు ఆమెదే యని నేననుకొందును. సెయింట్ మేరీస్ చర్చివారు పాడుపడిన బేకరీ నొకదానిని, 3,000 డాలర్లను ఇయ్యగా 1967లో ఆ బ్యాంకు వెలసెను. తొలియేటనే 2,75,000 పౌన్లు, అనగా సుమారు 1,25,000 కిలోల ఆహారము పంచబడెను.

ఇందలి కష్టము దానము సంపాదించుటలో లేదు. చీటీ తప్పు పడినవి, డబ్బా సొట్టపోయినవి, గడువు దగ్గరపడినవి యగు సరకులను వదిలించుకొనుట కర్మాగారములకును అవసరమే. కష్టమెల్ల తరువాతిది. ముందు పాడగునది ముందు కదలవలెను. సాయంకాలము ఒక లారీ నిండ పెరుగు వచ్చి, గడువు మూడు దినములే మిగిలియున్నదనుకొందము: ఏ సత్రమునకు శీతలపు గది కలదు, ఎవరికి బండి కలదు, ఎవరు మాటయిచ్చి రాకపోదురు? ఈ జ్ఞానము పుస్తకములలో దొరకదు. అనుభవశాలి ప్రక్కన నిలిచి, పది పొరపాట్లు చేసి, అబ్బించుకొనవలసినది.

వాన్ హెంగెల్ గొప్పతనమును ఇచ్చటనే వెదకవలెను. 1975లో ప్రభుత్వ ద్రవ్యసహాయము లభింపగా, దానితో తన కొఠారునే విస్తరించుకొనక, ఇతర నగరములవారికి ఈ పని నేర్పుటకు పూనెను. 1977 నాటికి 18 నగరములలో ఫుడ్ బ్యాంకులు లేచినవి. ఏ ఊరి కొఠారు ఆ ఊరివారిదే. వానిని కలుపు సంస్థ మాత్రము సెకండ్ హార్వెస్ట్, 2008 నుండి ఫీడింగ్ అమెరికా. కొంతకాలమునకు వాన్ హెంగెల్ ఆ సంస్థను సైతము విడిచి, విదేశములవారికి నేర్పుటకు వెడలెను.

శిష్యపరంపర గురువునే దాటిన కథ మరి యొకటి. దేశమునకంతటికి వచ్చు దానములను ఆ సంస్థ వంతులవారీగా పంచుచుండగా, బంగాళదుంపలకు పేరుమోసిన ఐడహోకు మరల బంగాళదుంపలే పోవు వింత జరుగుచుండెడిది. షికాగో విశ్వవిద్యాలయపు ఆర్థికశాస్త్రజ్ఞులును ఫుడ్ బ్యాంకుల నిర్వాహకులును కలిసి కూర్చుండి, బీదలు ఎక్కువగానున్న ప్రాంతమునకు ఎక్కువ షేర్లిచ్చి, వానితో దినమునకు రెండుమారులు వేలము పాడుకొను ఏర్పాటు చేసిరి. ఆ షేర్లు డబ్బు కావు. సరకు పాడుకొనుటకు తప్ప మరెందుకును పనికిరావు. ఎవరికిని అక్కరలేని సరకును మోసికొనిపోవువారికి ఎదురు షేర్లు దక్కును. తాను సోషలిస్టునని, అంగడిపద్ధతి తనకు గిట్టదని మొగముమీదనే చెప్పిన మిచిగన్ నిర్వాహకుడును ఆ సంఘమున ఉండెను. తాము పంచు ఆహారమున ఒక్కొక్కదాని విలువ ఎంతయో శాస్త్రజ్ఞులకు తెలియజెప్పిన దిట్టివారే యనుట సబబు.

ఐడహోవారికి దుంపల బెడద తప్పించిన ఆ వేలము 2005లో ఆరంభమయ్యెను. ఆ యేటి అక్టోబరులోనే, 82 యేండ్ల వయసున, వాన్ హెంగెల్ కన్నుమూసెను.