వరంగల్ తూర్పు: కంచుకోట ఎవరిది?

వరంగల్ తూర్పు నియోజకవర్గాన్ని ప్రతి ఎన్నిక ముందూ ఎవరో ఒకరి కంచుకోట అంటుంటారు. ఫలితాలొచ్చాక కోటకు కొత్త పేరు పెడతారు. 2009లో ఇక్కడ కాంగ్రెస్ తరఫున బస్వరాజు సారయ్య గెలిచారు. 2014లో టీఆర్ఎస్ (తర్వాతి బీఆర్ఎస్) అభ్యర్థిగా కొండా సురేఖ ఆయన్ను ఓడించారు. 2018లో అదే పార్టీకి చెందిన నన్నపునేని నరేందర్‌కు 83,922 ఓట్లు పడితే, కాంగ్రెస్ నుంచి నిలబడ్డ వద్దిరాజు రవిచంద్రకు 55,140 పడ్డాయి. బీజేపీ లెక్కలోకే రాలేదు. 2023లో సురేఖ కాంగ్రెస్ కండువాతో తిరిగొచ్చి 67,757 ఓట్లతో గెలిచారు. 52,105 ఓట్లతో రెండో స్థానంలో నిలిచింది బీజేపీ అభ్యర్థి ఎర్రబెల్లి ప్రదీప్‌రావు. నరేందర్ ఓట్లు దాదాపు సగానికి పడిపోయి ఆయన మూడో స్థానానికి జారారు. అయిదేళ్లలో ఇన్ని వాడల్లో సిద్ధాంతాలు ఇంతగా తారుమారయ్యాయంటే నమ్మశక్యంగా లేదు. రాష్ట్రమంతా వీచే గాలి ఎవరిని దించాలో తేలుస్తుంది. వాళ్ల స్థానంలో ఎవరిని కూర్చోబెట్టాలన్నది మాత్రం ఇక్కడి జనం జెండాను చూసి కాక మనిషిని చూసి నిర్ణయిస్తున్నారన్నది నా వాదన.

పక్కనే ఉన్న వరంగల్ పశ్చిమను చూస్తే ఈ సంగతి తేటపడుతుంది. అదే నగరం, అదే రోజు పోలింగ్, బీఆర్ఎస్ ప్రభుత్వం మీద అదే కోపం. అక్కడా కాంగ్రెస్సే గెలిచింది. నాయిని రాజేందర్‌రెడ్డి చేతిలో దాస్యం వినయ్‌భాస్కర్ ఓడిపోయారు. కానీ రెండో స్థానం బీఆర్ఎస్‌కే దక్కింది, బీజేపీ మూడోదైంది. తూర్పులో వ్యతిరేక ఓటు చీలి బీజేపీని పైకి తెచ్చిందంటే, ఆ పార్టీ సిద్ధాంతం కంటే 2022లో టీఆర్ఎస్‌ను వదిలి వచ్చిన ప్రదీప్‌రావుకు అప్పటికే ఊళ్లో ఉన్న పలుకుబడి ఎక్కువ పనిచేసిందనుకోవాలి. మిగతావాళ్లదీ ఇదే దారి. సారయ్య తర్వాత టీఆర్ఎస్‌లో చేరి ఎమ్మెల్సీ అయ్యారు. రవిచంద్ర అదే పార్టీ తరఫున రాజ్యసభకు వెళ్లారు. 2024 వరంగల్ లోక్‌సభ ఎన్నిక మరీ విచిత్రం. గెలిచిన కడియం కావ్యకు మొదట టికెట్ ప్రకటించింది బీఆర్ఎస్. ఆమె దాన్ని కాదని కాంగ్రెస్‌లోకి వెళ్లారు. ఆమె చేతిలో రెండు లక్షలకు పైగా ఓట్ల తేడాతో ఓడిన బీజేపీ అభ్యర్థి ఆరూరి రమేష్ అంతకు కొద్ది నెలల ముందే వర్ధన్నపేటలో బీఆర్ఎస్ గుర్తు మీద పోటీ చేసినవారు.

ఈ ఊరు ఎప్పుడూ ఇలా లేదు. 1952లో వరంగల్ లోక్‌సభ స్థానంలో పీపుల్స్ డెమొక్రటిక్ ఫ్రంట్ (పీడీఎఫ్) తరఫున పెండ్యాల రాఘవరావు కాంగ్రెస్ అభ్యర్థి, కవి కాళోజీని ఓడించారు. కాళోజీ అంతటి మనిషి ఎదురుగా నిలబడినా ఓటు జెండాకే పడింది. 1934లో మొదలైన అజాంజాహి మిల్లు చుట్టూ అల్లుకున్న కార్మిక సంఘాలు వాడలను పార్టీలతో కట్టిపడేసేవి. మిల్లు మూతపడ్డాక ఆ ముడి వీడింది. దాని స్థానంలోకి మరో సంఘమేదీ రాలేదు. నల్లా రాకపోయినా, మోరీ పొంగినా కార్పొరేటర్ గడప ఎక్కడమే మిగిలింది.

బీజేపీ ఎదుగుదలను ఇంత తేలిగ్గా కొట్టిపారేయొచ్చా అని అడగవచ్చు. అడగాల్సిందే. 2016 నగరపాలక ఎన్నికల్లో 58 డివిజన్లలో ఆ పార్టీకి దక్కింది ఒక్కటి. 2021లో 66లో 10. అప్పటికి ప్రదీప్‌రావు ఇంకా టీఆర్ఎస్‌లోనే ఉన్నారు కాబట్టి ఆ పది ఆయన ఖాతాలో వేయలేం. కొన్ని వాడల్లో పార్టీకంటూ ఓటు పుట్టిందని ఒప్పుకోక తప్పదు. అయితే 2016 లెక్కలోనే మరో సంగతి ఉంది. టీఆర్ఎస్‌కు 44 వచ్చిన ఆ ఎన్నికలో స్వతంత్రులు 8 మంది గెలిచారు. కాంగ్రెస్, బీజేపీ, సీపీఎం మూడూ కలిపితే ఆరే. అంతకు నాలుగు నెలల ముందు లోక్‌సభ ఉప ఎన్నికలో టీఆర్ఎస్ అభ్యర్థి పసునూరి దయాకర్‌ను 4,59,092 ఓట్ల ఆధిక్యంతో గెలిపించిన నియోజకవర్గంలోదే ఈ నగరం.

ఇక కులం మాట. కొత్తవాడ నేత కుటుంబాలు ఒక రకంగా, మండిబజార్ ముస్లింలు మరో రకంగా ఓటేస్తారని లెక్కలు కట్టేవాళ్లకు కొదవలేదు. కులం ఉంది, లేదనడం అమాయకత్వం. కానీ ఆ లెక్కను అన్ని పార్టీలూ టికెట్లిచ్చేటప్పుడే వేసుకుంటాయి కనుక, పోటీలో ఉన్నవాళ్లలో ఎవరు నెగ్గుతారన్నది అదొక్కటే తేల్చదు.

మనిషిని చూసి ఓటేయడానికి మరో కారణం లెక్కింపు పద్ధతిలోనే ఉంది. కాగితం బ్యాలెట్ల కాలంలో పోలింగ్ బూత్‌ల ఓట్లను కలిపేసి లెక్కించే వీలుండేది. యంత్రాలొచ్చాక ఒక్కో పోలింగ్ కేంద్రంలో ఎవరికెన్ని పడ్డాయో ఫారం 20లో విడిగా అచ్చవుతోంది. ఒక కేంద్రం అంటే నాలుగైదు గల్లీలు. ఏ గల్లీ తనకు చెయ్యిచ్చిందో గెలిచిన నాయకుడికి తెలుసు. అతనికి తెలుసన్న సంగతి గల్లీకీ తెలుసు. రేపు మోరీ పని కోసం ఎవరి ముందు నిలబడాలో ఆలోచించుకునే ఓటరు పార్టీ కంటే ఆ మనిషినే ముందు లెక్కవేస్తాడు. కొన్ని యంత్రాల ఓట్లను కలిపి చూపే టోటలైజర్ వాడాలని ఎన్నికల సంఘం ప్రతిపాదించింది, 2015లో లా కమిషన్ కూడా సిఫారసు చేసింది. అది అమల్లోకి రాలేదు. ఓట్ల లెక్కింపులో ఇప్పటికీ ఒక్కో కంట్రోల్ యూనిట్ అంకెలను విడివిడిగానే రాసుకుంటున్నారు.